హోరుగుట్టలో అందరికీ బాగానే వినబడుతుంది

నమోదు 1

పాత చిట్టా నిండిపోయింది. దేనితో నిండిందయ్యా అంటే, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకటే మాట: బాగానే వినబడుతోంది. హోరుగుట్ట చెవిగదిలో ఉద్యోగమంటే ఇంతే. మనిషి వస్తాడు, పీట మీద కూర్చుంటాడు. నేను వెనక నిలబడి పది మాటలు చెబుతాను. గంప, చేట, దూడ, పలుగు, కుండ... అలా. అతను ఒక్కొక్కటీ తిరిగి చెబుతాడు. నూటికి నూరు. చీటీ మీద ముద్ర గుద్దుతాను, వెళ్లిపోతాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పది మాటలూ మారలేదు. మార్చాలని ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

మా తమ్ముడు ఓదెలు వచ్చినప్పుడల్లా ఎగతాళి చేస్తాడు. "చెవిటోడే లేని ఊర్ల చెవుల డాక్టరువు. నీ అసుంటి నసీబు ఎవ్వలికుంటదే అక్కా!"

నాకు పని నేర్పిన నర్సమ్మ కాలంలో ఇలా ఉండేది కాదట. నీటిమరలు గుట్ట మీద పెట్టిన కొత్తలో, గాలిలో తడిని పట్టి నీళ్లు చేసే ఆ పెద్ద రెక్కల హోరుకి ఊళ్లో సగం మంది చెవులు పోయాయి. చెవుడు మూడు తీర్లని ఆమె నాకు చెప్పేది. గుబిలి అడ్డుపడో, చీము పట్టో, కర్ణభేరికి చిల్లు పడో దారి మూసుకుపోతే అది ఒక తీరు. శుభ్రం చేసి మందు వేస్తే చాలాసార్లు మనిషి మళ్లీ మనలో పడతాడు. రెండోది లోపలిది. పెద్ద చప్పుడుకో, ముసలితనానికో, ముదిరిన జ్వరానికో, కొన్ని ఘాటు మందులకో లోపలుండే సన్నటి నూగు రాలిపోతుంది. అది మళ్లీ మొలవదు. రెండూ ఒకే మనిషికి వస్తే మూడోది, వాడి ఖర్మ. ముందుగా పోయేది ఆడవాళ్ల గొంతులూ పిల్లల గొంతులూ అనేది. పిట్టల కూతలు పోయినా మనిషికి తెలియదట. తల ఒక పక్కకి వంచుతాడు, నలుగురిలో కూర్చోవడం మానేస్తాడు, ఒకటి చెబితే ఇంకోదానికి జవాబిస్తాడు. ఈ గుర్తులన్నీ నాకు బట్టీ వచ్చు. ఒక్కటీ కంటితో చూడలేదు.

ఎందుకంటే మాకు పూస ఉంది. ఐదేళ్లు నిండగానే మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి చెవిలో పెడతారు. చెవికి అందని మాటను పూసే పూరించి నేరుగా మెదడుకు చెబుతుంది. రోజూ ఎవరు ఏ గొంతుతో ఏమంటారో నేర్చుకుంటుంది, హోరు మింగేసిన ముక్కను ఆ గొంతుతోనే అతుకుతుంది. మళ్లీ దాన్ని తీసేది పాడె మీదే. బతికున్నవాళ్ల పూస తీయడమంటే పుస్తె తెంపినంత అశుభం. చెవి పరీక్షయినా పూస ఉండగానే.

వచ్చే పున్నమికి మా అమ్మాయి మైత్రికి పూస పండగ. ఐదేళ్ల పిల్ల, ఎంత బుద్ధిమంతురాలో! మారాం చెయ్యదు, అది కావాలి ఇది కావాలి అనదు, ప్రశ్నలతో ప్రాణం తియ్యదు. అన్నం పెట్టమంటుంది, ఎత్తుకోమంటుంది, పడుకుంటానంటుంది. ఒక్కటే చెడ్డ అలవాటు. మాట్లాడేటప్పుడు రెండు చేతులతో నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంటుంది. దయ్యం పిల్ల! పొయ్యి మీద కూర మాడుతున్నా వదలదు.

నమోదు 2

ఈ రోజు లసుమవ్వ వచ్చింది. ఆమె పెనిమిటి పోయి నెల దాటింది. పరీక్షకి కాదు, ముచ్చట చెప్పడానికి వచ్చానంది. మొహం కళకళలాడుతోంది.

"మా ముసలాయన యాడికీ పోలే బిడ్డా. మంచంల పండుకొని దగ్గుతనే ఉన్నడు. పొద్దుగాల 'లసుమా, చాయ వెట్టినవా' అని గూడ అడిగిండు."

దుఃఖంలో ఉన్నవాళ్లకి అలా అనిపిస్తుంది, నాలుగు రోజులు పోతే తగ్గుతుందని సముదాయించాను. ఆమె ఒప్పుకోలేదు. చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కెళ్లింది. వెళ్లాను. పోయినాయన నాకు వరసకి మామ. ఎన్నోసార్లు ఆ ఇంట్లో చాయ తాగినదాన్ని.

మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. పక్కన చెంబు. మనిషి ఉండే చోటు ఖాళీ. గడపలో అడుగు పెట్టానో లేదో, మంచం వైపు నుంచి దగ్గు వినిపించింది. ముందు ఒక పొడి దగ్గు, తర్వాత రెండు తడి దగ్గులు, చివర ఒక మూలుగు. ఎప్పుడూ ఎలా దగ్గేవాడో అలాగే. ఆ తర్వాత, "వచ్చినవా కౌసల్యా, కూసో."

లసుమవ్వ నన్ను చూసి సంబరంగా తలూపింది. నీకూ వినబడింది కదా అన్నట్టు. నాకు వినబడింది. అబద్ధం ఎందుకు రాయాలి? చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి ఉరికాను.

ఇంటికొచ్చి అయిలయ్యతో చెప్పాను. నా పెనిమిటి నీటిమరల దగ్గర వినికిడి మేస్త్రి. రెక్కల కింద సొరంగంలో ఇనుప స్తంభానికి చెవి ఆనించి, మర ఆరోగ్యం ఎలా ఉందో చప్పుడుని బట్టి చెప్పడం అతని పని. గుట్ట మీద అంతకన్నా గౌరవమైన కొలువు లేదు. నేను చెప్పిందంతా విని, "మంచిగనే ఉన్నది, ఇంకింత చారు పొయ్యి" అన్నాడు. చారు పోశాను. అతను విస్తరి వైపు, నా వైపు తెల్లమొహం వేసుకుని చూశాడు. చారు అడిగినవాడిలా చూడలేదు.

నమోదు 3

పండగలో పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకునే మేనమామకి చెవి చీటీ ఉండాలి. అందుకని ఓదెలు వచ్చాడు. పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. లసుమవ్వ ఇంట్లో దగ్గు ఇంకా నా నెత్తిలోనే ఉంది. వెనక నిలబడి, ఎందుకో, పాత మాటలు వద్దనుకున్నాను.

"ఉడుత" అన్నాను.

"గంప" అన్నాడు ఓదెలు.

"తాబేలు."

"చేట."

ఆటలాడుతున్నాడనుకున్నాను. వాడికి ఆ బుద్ధి ఉంది. తర్వాత ఇంకో అనుమానం వచ్చింది. వాడు నిజంగా 'తాబేలు' అనే అంటే, నా పూస అలవాటు కొద్దీ నాకు 'చేట' అని వినిపిస్తుంటే? తప్పు వాడి చెవిదా, నా చెవిదా? మాటలతో తేలే సంగతి కాదు ఇది. చేతలతో తేలాలి.

"ఓదెలూ, ఎడమ చెయ్యెత్తు."

"దూడ."

"లేచి నిలబడు."

"పలుగు."

"నీ వెనక పామున్నదిరా!"

"కుండ" అన్నాడు నింపాదిగా. చెయ్యి లేవలేదు, మనిషి కదల్లేదు. పది మాటలూ అయ్యాక నా వైపు తిరిగి నవ్వాడు. "నూటికి నూరేనా అక్కా?"

ముద్ర గుద్దలేదు. జరిగింది చెప్పబోతే మళ్లీ నవ్వాడు. "గిప్పుడు మనం మాట్లాడుతలేమా?" మాట్లాడుతున్నాం. ఎవరితో ఎవరు మాట్లాడుతున్నారన్నదే నా అనుమానం. చివరికి మైత్రి పలక తీసుకుని బలపంతో రాసి చూపించాను. నేను చెప్పినవి ఒక పక్క, వాడు తిరిగి చెప్పినట్టు నాకు వినబడినవి ఒక పక్క. వాడు చదివాడు. చదివి, పలకని తిప్పి వెనక వైపు కూడా చూశాడు, అక్కడ ఏమైనా సముదాయింపు ఉందేమోనన్నట్టు. చీటీ అడక్కుండా వెళ్లిపోయాడు. వాడి మొహం నుంచి నవ్వు తుడిచేసిన పాపం నాదే, ఏం చేయను?

నమోదు 4

బియ్యం కడుగుతున్నాను. మైత్రి ఉరికొచ్చి కొంగు పట్టి లాగింది. "అమ్మా, ఆకలైతాంది."

"ఇప్పుడే గదనే తిన్నవ్" అన్నాను. మళ్లీ అదే మాట. చెవుల మీది దూది టోపీ పీకి పారేసింది. హోరు తగలకుండా పూస పెట్టేదాకా పిల్లలకి కట్టే టోపీ అది, తియ్యకూడదు. తిట్టాను. కాళ్లు నేలకి తాటించింది. నా గడ్డం పట్టుకుని మొహం తిప్పుకుని, నోరు ఇంత చేసి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. నాకు 'అమ్మా, ఆకలైతాంది' అనే వినిపించింది. కానీ మొన్నటి నుంచి నాకు వినబడేదాని మీద నమ్మకం పోయింది కదా, అందుకని పెదవులు చూశాను. 'అమ్మా' అన్నాక 'ఆకలైతాంది' అనడానికి పెదవి పెదవికి తగలనక్కర్లేదు. ఇది పదే పదే పెదవులు మూసి తెరుస్తోంది. అన్నం గిన్నె వైపు కాదు, వాకిట్లోకి చెయ్యి చూపిస్తోంది.

దాని వెంట బయటికి వెళ్లాను. గుట్ట మీద రెక్కలన్నీ ఆగి ఉన్నాయి.

నా బతుకులో అవి ఆగగా చూడలేదు. తిరిగేటప్పుడు తెల్లటి మసకలా కనబడేవి, ఇప్పుడు ఒక్కో రెక్కా ఒక్కో దూలం. వాటి మీద కొంగలు వరసగా వాలి ఉన్నాయి. వీధిలో జనం తమ పనుల మీద తాము పోతున్నారు. ఎదురింటామె వడియాలు పెడుతోంది. ఎవరూ తలెత్తడం లేదు. ఎందుకు ఎత్తుతారు? హోరు ఎప్పటిలాగే ఉంది. నా చెవుల్లోనూ ఉంది, హాయిగా, నిండుగా, పుట్టినప్పటి నుంచి ఉన్నట్టే. ఆగిపోయిన రెక్కల్ని కళ్లతో చూస్తూ వాటి హోరు విన్నాను.

పిల్లని చంకనేసుకుని సొరంగంలోకి దిగాను. అయిలయ్య ఇనుప స్తంభానికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, పసిబిడ్డ గుండె వింటున్నంత శ్రద్ధగా ఉన్నాడు. నన్ను చూసి, "నిమ్మళంగ తిరుగుతాంది. ఏం ఫికరు లేదు" అన్నాడు. చెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చి చూపించాను. ఒక్కసారి చెవి మీద అరచెయ్యి వేసుకుని తీశాడు. తర్వాత కిందికి పరుగెత్తాడు.

ఇరుసు బిగుసుకుందట. ఇంకాస్త ఆలస్యమైతే కిందున్నవాళ్ల మీద రెక్క విరిగిపడేదట. కొంగలు లేచిపోయాయి, రెక్కలు మెల్లగా తిరగడం మొదలుపెట్టాయి. నాకు హోరు పెరగనూ లేదు, తగ్గనూ లేదు. మైత్రి మాత్రం రెండు చేతులతో చెవులు మూసుకుంది.

నమోదు 5

పూస తీశాను.

పిల్లని ఓదెలు ఇంట్లో దింపి, తలుపు గడియ పెట్టి, పట్టకారు నూనెలో ముంచి తీశాను. ఎంత చిన్నది! దాని చుట్టూ నల్లగా గుబిలి పేరుకుని ఉంది. ఆ గుబిలి చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. దారి మూసుకుపోయిన చెవుడే అయ్యుంటుంది, కడిగేస్తే పోతుంది! గోరువెచ్చటి నూనె పోసుకున్నాను, నీళ్లతో కడుక్కున్నాను. మైత్రి పుట్టాలని కూడా అన్ని మొక్కులు మొక్కలేదు.

తర్వాత నర్సమ్మ ఇచ్చిపోయిన శ్రుతిదండం తీశాను. రెండు కొమ్ముల ఇనుప కడ్డీ, మోకాలికి కొడితే మోగుతుంది. కొట్టి చెవి ముందు పట్టుకున్నాను. ఏమీ లేదు. మళ్లీ కొట్టి, దాని మొదలు చెవి వెనక ఎముకకి ఆనించాను. దారి మాత్రమే మూసుకుంటే, ఎముక గుండా వినబడాలి. ముందు పట్టినప్పటికంటే గట్టిగా వినబడాలి. ఎముక జిలజిలలాడింది. పుర్రెలో చీమలు పాకినట్టు అదురు తెలిసింది. వినబడలేదు. రెండో చెవికీ అంతే.

లోపలిదే పోయింది. ఏనాడు పోయిందో ఎవరికి తెలుసు! పోతూ పోతూ ఒక్క గుర్తు కూడా కనిపించనియ్యకుండా పూస పూడ్చేసింది. హోరు నుంచి చెవిని అది కాపాడలేదు. పోయిందన్న సంగతిని మా నుంచి కాపాడింది. ఊళ్లో అందరిదీ ఇదే కథ అయ్యుంటుంది.

ఇప్పుడు నా లోపల సన్నటి ఈల ఒకటి ఆగకుండా మోగుతోంది. అది తప్ప లోకం లేదు. చెంబు కింద పడేశాను, పడింది, అంతే.

కూర్చుని ఈ చిట్టా మొదటి నుంచి చదివాను. లసుమవ్వ నిజంగా ఏమంది? సంబరం చెప్పడానికే వచ్చిందా, భయపడి సాయం అడగడానికి వచ్చిందా? అయిలయ్య ఆ పూట చారు అడిగాడా? నేను రాసిన మాటల్లో ఏది మనిషిదో ఏది పూసదో నాకు తెలియదు. ఐదేళ్ల పిల్ల ప్రశ్నలడగదని మురిసిపోయానే! అడిగి ఉంటుంది. పొద్దంతా అడిగే ఉంటుంది. నేను అన్నం పెట్టి పడుకోబెట్టాను.

ఇంకో సంగతి కూడా తోచింది. మా గొంతు మాకే వినబడక, ఊరంతా ఎప్పటి నుంచో అరుచుకుంటున్నామేమో. పిల్లలు చెవులు మూసుకునేది నీటిమరల హోరుకి కాదేమో, మాకేమో. ఏడుపొచ్చింది. ఏడ్చాను. అదీ వినబడలేదు.

నమోదు 6

జరిగిందంతా పలక మీద రాసి పూసల పెద్ద దగ్గరికి పట్టుకెళ్లాను. పండగలు జరిపించేదీ, పూసలు పంచేదీ ఆయనే. చదివాడు. నవ్వాడు. నా పలక మీదే రాశాడు: పూసకు దుమ్ము పట్టింది తల్లీ, కొత్తది ఇప్పిస్తా. కింద ఇంకో ముక్క రాశాడు: ఐదేండ్లు నిండినంక పూస లేని మనిషికి గుట్ట మీద నీళ్లు లేవు, ఎరుకే గద. ఎరుకే. పూస వద్దన్నవాళ్లు మెట్లు దిగి పోవలసిందే. కింద ఎండిన వాగుల్లో చెలిమెలు తవ్వుకుని, ఊటనీళ్లు ముంతతో తోడుకుని బతికేవాళ్లు ఉన్నారని విన్నాం. విన్నాం అంటే ఇప్పుడు నవ్వొస్తోంది.

ఇంటికొచ్చి అయిలయ్యని కూర్చోబెట్టాను. చిట్టా అంతా చదవమన్నాను. మెల్లగా చదివాడు. మరలు ఆగిన రోజు దగ్గర వేలు చాలాసేపు ఆగింది. నమ్మాడని కళ్లు చెబుతూనే ఉన్నాయి. పిల్లకి పూస వద్దు, ముగ్గురం దిగిపోదాం అని పలక మీద రాశాను.

అతను బలపం తీసుకున్నాడు. ఇప్పుడు రాయబోయేది అతను నిజంగా అన్న మాట. ఈ చిట్టాలో నాకు ఖాయంగా తెలిసిన అతని మాటలు ఈ పూట పలక మీద రాసినవే.

"మా అవ్వ సచ్చి పదేండ్లు. రోజు పొద్దుగాల 'అయిలీ, లే బిడ్డా' అంటది. నిజం కాదని నాకిప్పుడు ఎరుకైంది. అయినా రేపు గూడ అంటది. నేను తియ్య కౌసల్యా. నాతోని కాదు."

కోపం రావలసింది. రాలేదు. అతని తల నా ఒళ్లో పెట్టుకున్నాను. పూస ఉన్న చెవి వెనక వెంట్రుకలు నిమిరాను. అతను ఏదో అన్నాడు, గొంతు కదలడం నా తొడకి తెలిసింది. పలక అడగలేదు. కొన్ని మాటలు అలా తొడ మీద ఉండిపోతే చాలనిపించింది.

పిల్ల సంగతి అడిగాను. మళ్లీ బలపం తీసుకుని రాశాడు: "దానికి గూడ సుఖంగ ఉంటది. ఏ చెడ్డ మాట ఇనపడది."

అదే నా భయం. దానికి ఇక ఏ మాటా వినపడదు, వినబడుతోందనుకుంటూ ముసలిదైపోతుంది.

నమోదు 7

ఈ రోజు పూస పండగ.

జుట్టు చెవుల మీదికి దించి కొప్పు పెట్టుకుని వెళ్లాను, వట్టి చెవులు కనబడకుండా. పందిట్లో ఊరంతా ఉంది. డప్పులు కొడుతున్నారు. కర్రలు లేచి పడుతున్నాయి, చప్పుడు లేదు. అరికాళ్లకి మాత్రం అదురు తెలుస్తోంది. ఓదెలు కొత్త కండువా వేసుకుని పీట మీద కూర్చున్నాడు, మైత్రి వాడి ఒళ్లో. చెవి చీటీ ఏదని వాడినెవరూ అడిగినట్టు లేదు. టోపీ తీసేశారు. తలంటి దువ్వారు. పసుపు రాసిన చెవులు ఎంత చిన్నగా ఉన్నాయో! అది జనంలో నన్నే వెతుకుతోంది. పక్కనే అయిలయ్య, తలొంచుకుని.

పూసల పెద్ద పళ్లెం తెచ్చాడు. ఇక ఊరుకోలేకపోయాను. పందిరి మధ్యకి వెళ్లి నా శక్తి కొద్దీ అరిచాను.

"ఆపుండ్రి! మనకెవ్వలికీ ఇనబడ్తలేదు! మర ఆగితే గూడ ఎవ్వలికీ ఎరుక గాలే! నా బిడ్డకు పెట్టకుండ్రి, మీ కాళ్లు మొక్కుత!"

ముసలివాళ్లు నవ్వుతూ చేతులెత్తి దీవించారు. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. పూస పెట్టేముందు తల్లి నాలుగు మంచి మాటలు చెప్పడం ఆనవాయితీ. చల్లగ బతుకు బిడ్డా, చెవులారా మంచి మాటలే ఇను బిడ్డా అని. ప్రతి తల్లీ అదే చెబుతుంది. వాళ్లకి అదే వినబడింది. నేను గొంతు చించుకుంటుంటే నా మీద అక్షింతలు పడ్డాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఆ క్షణాన తెలిసింది, ఊదేదాన్నీ చెవిటిదాన్నే.

కానీ చంకల్లో ఉన్న పసిపిల్లలు, కొంగులు పట్టుకుని నిలబడ్డ చిన్నపిల్లలు, దూది టోపీల వాళ్లంతా ఒక్కసారి నా వైపు తిరిగారు. అన్ని కళ్లు, గుండ్రంగా. ఇద్దరు ముగ్గురు నోళ్లు తెరిచి ఏడుపు మొదలుపెట్టారు. తల్లులు వాళ్లని చూడకుండానే, నవ్వుతూ, వీపులు నిమిరారు.

అప్పుడు పూసల పెద్ద చెయ్యెత్తాడు. అందరూ కళ్లు మూసుకునే ఘడియ. పూస లోపలికి పోయేటప్పుడు పిల్ల ఏడుస్తుంది, ఆ ఏడుపుని చూడకూడదు, వినాలి. విన్నాకే కళ్లు తెరవాలి. మా తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి. పెద్ద కూడా పూసని ఓదెలు చేతిలో పెట్టి కళ్లు మూసుకుంటాడు. కళ్లు తెరిచి ఉండి పెట్టేది మేనమామ ఒక్కడే.

ఊరంతా కళ్లు మూసుకుంది. అయిలయ్య కూడా.

ఓదెలు బొటనవేలి మీద పూస మెరుస్తోంది. వాడు నా వైపు చూశాడు. నేను ఇంక అరవలేదు. ఇంట్లో పిలిచేటంత గొంతుతో, అంతే ఉండి ఉంటుంది, నా గొంతు నాకేం తెలుసు, "మైత్రీ, దిగిరా బిడ్డా" అన్నాను.

అది దిగింది. ఓదెలు పట్టుకోలేదు. మోకాళ్లు కొంచెం ఎడం చేశాడు, జారడానికి వీలుగా. ఖాళీ ఒడి చూసుకున్నాడు. నన్ను చూశాడు. పూసని గుప్పిట్లో దాచుకుని, అందరిలా వాడూ కళ్లు మూసుకున్నాడు.

పిల్ల చెయ్యి పట్టుకుని మూసిన కళ్ల మధ్య నుంచి నడిచాను. అయిలయ్య దగ్గర అడుగు ఆగింది. అతని కనురెప్పలు వణికాయి. తెరిస్తే చాలు. తెరవలేదు. మైత్రి అతని వేలు పట్టుకుని ఏదో చెప్పింది. అతను మూసిన కళ్లతోనే నవ్వాడు. తన చెవికి ఏం వినబడిందో.

పందిరి దాటి మెట్ల దగ్గరికి వచ్చాక వెనక్కి తిరిగి చూశాను. వాళ్ల మొహాలన్నీ ఒక్కసారి విప్పారాయి. కళ్లు తెరిచి, ఖాళీ ఒడి కేసి చూడకుండానే చప్పట్లు కొట్టారు. పిల్ల ఏడుపు వినబడింది వాళ్లకి.

నమోదు 8

మెట్లు దిగి, ఇసుక వాగు పక్కన తుమ్మచెట్టు నీడలో కూర్చుని రాస్తున్నాను. పైన రెక్కలు తిరుగుతున్నాయి. ఇంతదాకా ఎవరూ వెంట రాలేదు. అయిలయ్య వస్తాడని మెట్ల వైపు చూస్తూనే ఉన్నాను. చూడనని అనుకోవడం, మళ్లీ చూడడం.

మైత్రి చెవులు మూసుకోవడం మానేసింది. ఇక్కడ హోరు తక్కువ కాబోలు. తల అటూ ఇటూ తిప్పుతోంది, ఏవో పిట్టలు అయ్యుంటాయి. నేను ఏది చెప్పినా దానికి అందుతోంది. దూరంగా పోకు అంటే ఆగుతుంది, నీళ్లు తాగు అంటే తాగుతుంది. అది చెప్పేదే నాకు అందదు. నేర్చుకోవాలి, పెదవులు చూసి. ఎన్నాళ్లు పడుతుందో.

ఇందాక వచ్చి నా గడ్డం పట్టుకుంది. ఏదో అడిగింది. అడిగిందని కనుబొమల్ని బట్టి తెలిసింది. ఏం అడిగిందో తెలియలేదు నాకు. పూస ఉండి ఉంటే ఆకలి అని చెప్పేసేది, నేను మూట విప్పి రొట్టె పెట్టేదాన్ని. పూస ఉన్న ఊళ్లో ఎవరికీ అడగవలసిన అవసరం రాని మాట ఒకటుంది. నలభై ఏళ్లకి మొదటిసారి అది నా నోట వచ్చింది.

"ఏమన్నవ్ బిడ్డా? నాకు ఇనబడలే. మళ్లొక్కసారి చెప్పు."

అది నన్ను వింతగా చూసింది. తర్వాత నా ఒళ్లోకెక్కి, మొహం తన వైపు తిప్పుకుని, మళ్లీ చెప్పింది.